దశమభాగం లెక్క: మొత్తం జీతం మీదా, చేతికొచ్చిన దాని మీదా?

గోదారిగట్టు:
అందరికీ వందనాలు. దశమభాగం (రాబడిలో పదో వంతు చర్చికి ఇవ్వడం) దేని మీద కట్టాలి? జీతగాళ్లయితే పీఎఫ్, పన్ను కోయకముందా, ఖాతాలో పడ్డాకా? కౌలు రైతు పెట్టుబడి తీసేశాకా, కళ్లంలోనేనా? దశమభాగం ఇవ్వకపోతే దేవుణ్ణి దోచుకున్నట్టే అంటుంది మలాకీ 3, ఆ ప్రకారం అప్పుల్లో ఉండి ఇవ్వలేనివాళ్లు దొంగలేనా? వచనాలతో చెప్పండి, తిట్లు వద్దు.

పాతచుట్ట:
మోషే ధర్మశాస్త్రంలో దీనికి జవాబు దొరకదండీ, అక్కడ జీతం ఊసే లేదు. లేవీయకాండము 27:30-33 చూడండి: భూమి పంట, చెట్ల పండ్లు, మందలు. గొర్రెలు కోల కింద దాటుతుంటే పదోది ప్రతిష్ఠితం. ఉన్నవి తొమ్మిదే అయితే పదోదే లేదు. పంట ఉంచుకుని విడిపించుకోవాలంటే దాని వెలకి అయిదో వంతు కలిపి కట్టాలి.

అది ఎవరికి చేరేదన్నది ఇంకా ముఖ్యం. సంఖ్యాకాండము 18లో భూస్వాస్థ్యం లేని లేవీయులకి, అంటే మందిర సేవ చేసే గోత్రానికి. వాళ్లు అందులో పదో వంతు యాజకుడైన అహరోనుకి. ద్వితీయోపదేశకాండము 14:22-27లోనైతే రైతు కుటుంబమే దాన్ని దేవుని సన్నిధిలో తింటుంది. దారి దూరమైతే అమ్మి వెండి పట్టుకెళ్లి, అక్కడ కోరినది కొనుక్కుని తినమంది. (ఈ భాగం మీద ప్రసంగం అరుదు!) మూడో ఏటిది ఊళ్లోనే ఉంచి లేవీయులకి, పరదేశులకి, తండ్రిలేనివారికి, విధవరాండ్రకి. ఈ మూడూ వేర్వేరు అని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ లెక్క. రబ్బీలు (యూదు బోధకులు) మూడో, ఆరో ఏళ్లలో రెండోదాని, అంటే కుటుంబం తినేదాని, బదులు పేదలది పెట్టారు. ఏడో ఏడు భూమికి విశ్రాంతి. ఏ లెక్కన చూసినా సరిగ్గా పది శాతం దగ్గర ఆగదు.

మలాకీ చెప్పిన మందిరపు నిధి ధాన్యపు కొట్టు. 'ఆహారముండునట్లు' అనే ఉంది కదా. నెహెమ్యా 13 పక్కన పెట్టి చదవండి: ఆ కొట్టు గదిని నెహెమ్యా శత్రువు టోబీయాకి ఇచ్చేశారు, భాగాలు అందక లేవీయులు పొలాలకి పోయారు. ఈఎంఐ కట్టలేని విశ్వాసిని దొంగ అనడానికి రాసిన మాట కాదది.

సండేస్కూల్ టీచర్:
అయితే సున్నానా? అబ్రాహాము ధర్మశాస్త్రానికి ముందే ఇచ్చాడు. యేసు కూడా మత్తయి 23:23లో పుదీన, సోపు, జీలకర్రల పదో వంతు మానమనలేదు.

పాతచుట్ట:
సున్నా కాదు టీచర్‌గారూ. అబ్రాహాము ఇచ్చింది యుద్ధంలో కొల్లగొన్న దాంట్లోంచి (హెబ్రీ 7:4). మత్తయి 23 మాట దేవాలయం నిలిచి ఉండగా పరిసయ్యులతో అన్నది. సంఘానికి పౌలు చెప్పినది 1 కొరింథీ 16:2: ఆదివారం ఆదివారం, వర్ధిల్లిన కొద్దీ పక్కన పెట్టడం. అదీ యెరూషలేములోని పరిశుద్ధుల, అంటే అక్కడి విశ్వాసుల, కోసం. కాపరి (పాస్టర్) పోషణ సంగతి 1 కొరింథీ 9:14, గలతీ 6:6లో ఉంది, అది బాధ్యతే. పది శాతాన్ని మొదటి మెట్టుగా పెట్టుకుంటే మంచిదే, దాన్ని శాపంతో వసూలు చేయడమే తప్పు.

చర్చి లెక్కలు:
కౌలు రైతుకి ఉదాహరణ. ఎకరాకి 30 బస్తాలు, కౌలు 12, పెట్టుబడి 14 అనుకోండి. మిగిలేది 4. కళ్లంలోనే పదో వంతంటే 3 బస్తాలు, ఇంటికి ఒకటి. 'కలిగినదానిని బట్టే' అన్న 2 కొరింథీ 8:12 ప్రకారం మిగిలిన నాలుగే వర్ధిల్లిన భాగం. జీతానికీ అంతే: పన్ను మీ చేతికి రాదు, దాన్ని వదిలేయొచ్చు. పీఎఫ్ మీదే, ఇప్పుడైనా తీసుకున్నప్పుడైనా ఒక్కసారి లెక్కలోకి రావాలి. చాలామంది రెండుసార్లూ మర్చిపోతారు.

అప్పు వాయిదా ఎగ్గొట్టి కానుక వేయకూడదు (కీర్తన 37:21). అమ్మానాన్నల మందుల డబ్బు ఆపి కానుక వేయడం మార్కు 7:11లోని కొర్బానే, అంటే దేవుడికి అర్పితమని చెప్పి తల్లిదండ్రులకి ఎగ్గొట్టడమే. అవి తీర్చాక మిగిలింది రెండు వందలైనా ఇరవై ఇవ్వండి, మానేయకండి. ఆదివారం పళ్లెం ముందు జేబు తడుముకుంటే ఎప్పుడూ చిల్లరే వస్తుంది, అందుకే జీతం పడ్డ రోజే కవర్లో వేరు చేయాలి.

సంఘం వైపు కూడా షరతు ఉంది. చందా మోయడానికి పౌలు ఒక్కడే వెళ్లలేదు. నింద రాకుండా తోడుగా మరో మనిషిని సంఘాలే ఏర్పరచాయి (2 కొరింథీ 8:19-21). కాబట్టి పెట్టె ఇద్దరు తెరవాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, నెలాఖరున లెక్క బోర్డు మీద ఉండాలి.

గోదారిగట్టు:
ఒక్కటి మిగిలింది. కూటంలో చెయ్యెత్తి ఇంత ఇస్తానని మొక్కుకున్నవాళ్ల సంగతి?

పాతచుట్ట:
ద్వితీయోపదేశకాండము 23:21-23. మొక్కుకోకపోతే పాపం లేదు, మొక్కుకుంటే ఆలస్యం చేయకూడదు. మైకులో పేరు చదువుతారన్న భయంతో చెయ్యెత్తి ఉంటే మాత్రం 2 కొరింథీ 9:7లో 'బలవంతముగా కాకయు' అని ఉంది, కాపరితో విడిగా మాట్లాడి వాయిదాల్లో తీర్చుకోనివ్వమని అడగండి.