తృప్తి ఎదుగుదలకు అడ్డమా?

గోదావరిగట్టు (ప్రశ్న):
మా తమ్ముడు గ్రూప్-2 రాసి డిప్యూటీ తహసీల్దారుగా చేరి రెండేళ్లు దాటింది. పగలంతా మండల కార్యాలయంలో పనిచేసి, రాత్రి పన్నెండింటి వరకు గ్రూప్-1 పుస్తకాల ముందు కూర్చుంటున్నాడు. "వచ్చినదానితో తృప్తిపడు నాయనా" అని నాన్నగారు, "తృప్తిపడినవాడు అక్కడే ఆగిపోతాడు" అని మేనమామ, ప్రతి ఆదివారం భోజనాల దగ్గర వాదించుకుంటారు. నేను మావయ్య పక్షమే. తృప్తిని మనం అవసరానికి మించి పొగిడామనీ, అది చాలాసార్లు కడుపు నిండినవారు నిండనివారికి చెప్పే బోధ మాత్రమేననీ నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో చెప్పాలని మనవి.

పాతబడి పంతులు:
మీ నాన్నగారి మాటకు పెద్ద సాక్ష్యమే ఉంది. పోతన భాగవతంలో, మూడడుగులేమిటి, ఇంకా పెద్దది ఏదైనా కోరుకొమ్మని బలి చక్రవర్తి అన్నప్పుడు, దొరికిన కొంచెమే పదివేలనుకోలేనివాడికి ఏడు దీవులిచ్చినా చాలవని వామనుడు బదులిస్తాడు. పురాణం మాట అటుంచినా, మనస్తత్వ పరిశోధకులు షీనా అయ్యంగార్, బారీ ష్వార్ట్జ్ తదితరులు 2006లో ప్రచురించిన అధ్యయనం ఇటువైపే మొగ్గుతుంది. అమెరికాలో చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కుంటున్న విద్యార్థులలో, అన్నిటికంటే ఉత్తమమైనదే కావాలని పట్టుబట్టినవారికి, తగినది దొరికితే చాలుననుకున్నవారికంటే సుమారు 20 శాతం ఎక్కువ జీతం వచ్చింది. అయినా వచ్చిన ఉద్యోగం పట్ల తక్కువ సంతృప్తి వారిదే, వెతుకులాట సాగినంతకాలం ఎక్కువ దిగులూ వారిదే. ఎదుగుదల అంటే జీతమే అయితే మీ మావయ్యగారు గెలిచినట్టే. జీవితం సార్థకం కావడమే ఎదుగుదల అయితే మాత్రం లెక్క మారుతుంది.

ఎర్రనేల:
పంతులుగారూ, మూడడుగులు చాలునన్న ఆ వామనుడే రెండడుగులలో భూమ్యాకాశాలను ఆక్రమించాడు కదా! తృప్తికి ఆయనను సాక్షిగా పిలవడం సాహసమే. ఇక ఆ 20 శాతం సంగతి. ఇల్లు తాకట్టులో ఉన్నవాడికి అది చిన్న మొత్తం కాదు, ఆ దిగులును కూడా అతడు సంతోషంగా భరిస్తాడు. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. 1927లో మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేడ్కర్ వెంట నడిచి, దళితులను ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్లు తాగినవారు, తమ వాడకు దొరికే నీళ్లే పదివేలనుకొని ఇంట్లో కూర్చుని ఉంటే వారిని తృప్తిపరులని మెచ్చుకునేవారమా? అణగినవాడి అసంతృప్తికీ ఆశపోతు అసంతృప్తికీ ఒకే మందు రాయడం నాకు సమ్మతం కాదు.

మనస్తత్వశాస్త్ర విద్యార్థిని:
మహాడ్ ఉదాహరణ చాలా మంచిది, అయితే అది ఎర్రనేలగారు అనుకున్నవైపు పూర్తిగా మొగ్గదు. ఆ నడిచినవారి అసంతృప్తి లోకం పెట్టిన కట్టుబాటు మీదే తప్ప తమ విలువ మీద కాదు. తమ విలువను తాము గట్టిగా నమ్మినందువల్లనే చెరువు దాకా నడవగలిగారు. కాబట్టి అసంతృప్తి ఉందా లేదా అని కాక, అది దేనిమీద అని అడగాలి. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాలలో ఒకటి చెబుతాను. కఠినమైన పదపరీక్షలో దెబ్బతిన్న విద్యార్థులలో కొందరికి, ఇటువంటిది కష్టమనిపించడం సహజమేననీ తమను తాము నిందించుకోవద్దనీ చెప్పారు. మరికొందరికి, ఇక్కడ సీటు వచ్చిందంటేనే మీరు తెలివైనవారని ధైర్యం చెప్పారు. మూడో జట్టుకు ఏమీ చెప్పలేదు. రెండో పరీక్షకు ఎక్కువసేపు చదివినది మొదటి జట్టు. ప్రయోగశాలలో కొన్ని నిమిషాల చదువును బట్టి జీవితమంతటికీ సూత్రం కట్టడం తగదు గాని, తనను తాను క్షమించుకున్నవాడు బద్ధకస్తుడైపోతాడనే మన ఇళ్లలోని భయానికి అది గట్టి జవాబు.

ఎర్రనేల:
ఈ భేదాన్ని ఒప్పుకుంటున్నాను. అయితే "ఉన్నదానితో సర్దుకో" అనే మాటను మన ఇళ్లలో కొడుకులకంటే కూతుళ్లూ కోడళ్లే ఎక్కువగా వింటారు, వారికి ఈ భేదం విడమరిచి ఎవరూ చెప్పరు.

గోదావరిగట్టు:
అసంతృప్తి దేనిమీద అన్న ప్రశ్న నన్ను వదలలేదు. నిన్న రాత్రి తమ్ముణ్ణి కూర్చోబెట్టి, డిప్యూటీ కలెక్టరువు అయితే ఏం చేస్తావని అడిగాను. "ముందు రానీ అన్నయ్యా" అన్నాడు, అంతకుమించి మాట రాలేదు. నిరుడు ఒక ముసలావిడ పాసుపుస్తకంలో తప్పుపడిన సర్వే నంబరును సరిచేయించిన రోజు మాత్రం, చేయి కడుక్కోవడం కూడా మరచి ఆ ఫైలు కథ గంటసేపు చెప్పాడు. ఆ రాత్రి గ్రూప్-1 పుస్తకం తెరవలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.