ఈతలో కాళ్లు ఎంత ఆడించినా ముందుకు కదలట్లేదు, కిక్‌లో తప్పెక్కడ?

ఫ్రీస్టైల్ మొదలుపెట్టి మూడు నెలలైంది. చేతులు, ఊపిరి తీసుకోవడం కాస్త కుదిరాయి కానీ కాళ్ల దగ్గరే ఆగిపోయాను. కిక్‌బోర్డు (నీళ్లపై తేలే పలక) పట్టుకుని 25 మీటర్లు వెళ్లేసరికి తొడలు పట్టేస్తాయి, ఒక్కోసారి ఎంత గట్టిగా కొట్టినా ఉన్నచోటే ఉంటాను, నిజంగా బాధేస్తుంది.

కిక్ తుంటి నుంచి రావాలని, మోకాలు కొద్దిగానే వంగాలని, పాదం వదులుగా, వేళ్లు వెనక్కి చాపి ఉండాలని తెలుసు. కానీ మోకాళ్లు వంచకూడదనుకుంటే కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతాయి, వదులుగా వదిలితే సైకిల్ తొక్కినట్టు అవుతోంది. ఈ రెండిటి మధ్య ఉండే ఆ పట్టు మీకెలా దొరికింది?

చాలా ఏళ్లుగా పరుగెత్తే అలవాటుంది, చీలమండలు సరిగ్గా చాచుకోవు, అసలు కారణం అదేనేమోనని నా అనుమానం. రోజూ స్ట్రెచింగ్ చేస్తే ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

ఇంకోటి, బోర్డు పట్టుకుంటే తల పైకి లేచి నడుము కిందికి దిగిపోతోంది. బోర్డు వదిలేసి వెల్లకిలా పడుకుని కిక్ సాధన చేయడం మంచిదా, లేక లోతు నీళ్లలో నిలువుగా ఉండి కొట్టడమా? పొట్టి ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే రెక్కలు) ఇప్పుడే వాడొచ్చా? ఈ ఇబ్బంది దాటినవాళ్లు ఏది పనిచేసిందో చెప్పండి, ప్లీజ్.