కొబ్బరికాయ లేచిన చోటే బోరు వేయాలా?

ప్రశ్న: మెట్ట రైతు కొడుకు

నమస్కారం అండీ. మాది గజపతి జిల్లా కాశీనగర్ పక్కన పల్లె. వంశధార కంటికి కనిపిస్తుంది కానీ మా రెండెకరాలకు చుక్క రాదు. కొండ వార మెట్ట. నేను బరంపురంలో మందుల షాపులో పనిచేస్తాను, పొలం నాన్న ఒక్కరే చూసుకుంటారు.

మూడేళ్ళ కిందట మిషన్‌తో నీళ్ళ సర్వే చేయించి, గుర్తు పెట్టిన చోట 280 అడుగుల బోరు వేశాం. పైన తడి బంకమన్ను, కింద దుమ్ము. కేసింగ్‌తో కలిపి ఆ అప్పు ఈ మధ్యే తీరింది. అప్పట్నుంచి మిషన్ మాట ఎత్తితే నాన్నకు మంట.

ఇప్పుడు టెక్కలి వైపు నుంచి కొబ్బరికాయతో నీళ్ళు చూసే ఆయన్ని పిలిపించారు. ఆ రోజు నేనూ ఉన్నాను. కాయని అరచేతిలో అడ్డంగా పెట్టుకుని, పిలక వేళ్ళ వైపు ఉంచి, చెప్పుల్లేకుండా నడిచారు. చింతచెట్టు దాటాక కాయ మెల్లగా లేచి నిటారుగా నిలబడింది. మా అమ్మ దండం పెట్టేసింది. "ఇక్కడ రెండు జలలు కలుస్తున్నాయి, 180 అడుగుల్లో రెండించుల నీళ్ళు" అని అక్కడో రాయి పాతించారు. ఫీజు 2,000. నీళ్ళు పడితే ఇంకో 5,000.

పడ్డాకే మిగతాది తీసుకుంటానన్నాడంటే ఎంత ధైర్యం ఉండాలి అని నాన్న వాదన. నేను ఆయన చేతి మీదే కళ్ళు పెట్టాను, మోసమేమీ కనిపించలేదు. సోమవారం రిగ్గు బండి వస్తుంది, అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. ఏం చేయమంటారు? దయచేసి మూఢనమ్మకం అని ఒక్క ముక్కలో కొట్టిపారేయకండి, ఆ మాట నేను నాన్నతో అనలేను.

జవాబు: గునుపురం పత్తి

తమ్ముడూ, మా బోరు కొబ్బరికాయ పెట్టి వేసిందే. తొమ్మిదేళ్ళయింది, ఏప్రిల్‌లో కూడా ఆగలేదు. నీ మిషన్ సంగతి చూశావుగా. పెద్దాయన మాట విను.

జవాబు: పాత రిగ్గువాణ్ణి

పదకొండేళ్ళు రిగ్గు మీద ఉన్నాను. రాయగడ, గునుపురం, పర్లాకిమిడి అన్నీ తిరిగాం. కాయ లేచిన చోట వేశాం, వేపపుల్ల వంగిన చోట వేశాం, మిషన్ చెప్పిన చోట వేశాం, ఒకసారి ఓనరు భార్యకు కలలో కనిపించిన చోట కూడా వేశాం (అందులో నీళ్ళు పడ్డాయి!). నీళ్ళు పడ్డ బోరు గురించి ఊరంతా చెప్పుకుంటారు. ఫెయిలైన దాని మీద బండరాయి పెట్టి మరిచిపోతారు. గునుపురం అన్న బోరు మనకు తెలిసింది, అదే మనిషి చూసిన మిగతా బోర్ల లెక్క ఎవరి దగ్గరుంది?

ఇక ఆ 5,000 ధైర్యం కాదు బాబూ. నీళ్ళు పడకపోయినా ఆయన జేబులో 2,000 ఉంటాయి, నీకు పోయేది లక్ష దాకా.

ఎక్కడ వేసినా బండి ఆడుతున్నంతసేపూ నువ్వు పక్కనే ఉండు. పది అడుగులకోసారి పొడి గుప్పెడు తీసి వరసగా కుప్పలు పెట్టించు. రంగు మారిందా, తడి తగిలిందా, రాయి పగులు వచ్చినప్పుడు బిట్టు ఒక్కసారిగా జారిందా, అన్నీ రాసుకో. వందడుగులు ఒకటే గట్టిరాయి పొడిపొడిగా వస్తుంటే ఆపించెయ్. లోతుకు వెళ్ళేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, ఆపమని బండివాడు తనంతట తాను చెప్పడు.

జవాబు: రాళ్ళ మాస్టారు

ముందు ఆ ఫెయిలైన బోరు గురించి. మిషన్ నీళ్ళను చూడదు. నేలలోకి కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తుంది, అంతే. మీ తూర్పు కనుమల్లో ఖోండలైట్ రాయి ఎక్కువ. అది శిథిలమైతే బంకమన్ను అవుతుంది. తడి బంకమన్ను కూడా నీళ్ళున్న పొరలాగే కరెంటును తేలిగ్గా పోనిస్తుంది, కానీ పట్టుకున్న నీళ్ళు బయటికి వదలదు. ఒక్క చోట రీడింగ్ తీసి గుర్తు పెట్టేస్తే మీకు జరిగిందే జరుగుతుంది. నాలుగైదు చోట్ల తీయించి, చుట్టుపక్కల బావుల లోతుతో పోల్చి చూడాలి.

కొబ్బరికాయ ఆయన మోసగాడు కాకపోవచ్చు. మనసులో అనుకున్నది మనకు తెలియకుండానే చేతి కండరాల్లోకి దిగుతుంది. 1852లోనే కార్పెంటర్ అనే ఆయన దీనికి ఒక పేరు కూడా పెట్టాడు. 1987-88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో, కింద అంతస్తులో నీళ్ళ పైపును బండి మీద అటూ ఇటూ జరిపి, అదెక్కడుందో పై అంతస్తు నుంచి చెప్పమన్నారు. ఇలా నీళ్ళు చూసేవాళ్ళు సుమారు 500 మందిలోంచి ఏరిన 43 మందితో 843 సార్లు చేశారు. చేయించినవాళ్ళు కొందరికి ఆ శక్తి ఉందన్నారు. ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే లెక్కలు మళ్ళీ చూసి, ఒకరోజు బాగా చెప్పినవాళ్ళే మరోరోజు తప్పుతున్నారని, గుడ్డి ఊహకు మించి ఏమీ లేదని తేల్చాడు.

మన పాతకాలపు విద్యలో పనికొచ్చేదీ ఉంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు దకార్గళం అనే అధ్యాయం రాశాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే, చెట్టుకు దక్షిణాన రెండు పురుషుల లోతులో తీయటి నీళ్ళుంటాయన్నాడు. అంటే దాదాపు 15 అడుగులు. అక్కడ చూడమన్నది చెట్టునీ పుట్టనీ, చేతిలో కాయని కాదు. అదీ బావుల లెక్క, 180 అడుగుల రాతికి వర్తించదు.

నాన్నగారితో వాదన వద్దు. కొబ్బరికాయ ఆయన్నే మళ్ళీ పిలిచి, కళ్ళకు గంతలు కట్టుకుని ఆ రాయి దగ్గరికే రాగలరేమో మర్యాదగా అడగండి.

జవాబు: మెట్ట రైతు కొడుకు

అందరికీ థాంక్సండీ. శనివారం పిలిచాం, ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అది నాకు నచ్చింది. కళ్ళు తెరుచుకుని నడిస్తే సరిగ్గా రాయి దగ్గరే లేచింది. తర్వాత మా తువ్వాలు కట్టి, నాలుగు చుట్లు తిప్పి వదిలాం. మొదటిసారి రాయికి 14 అడుగుల దూరంలో, వేరే పక్క. రెండోసారి గట్టు మీద. మూడోసారి మా పాత బోరు మూత పక్కనే నిటారుగా నిలబడింది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కడున్నది నీళ్ళు కాదయ్యా, నా అప్పు" అన్నారు. కొబ్బరికాయ ఆయనా నవ్వారు, కానీ తువ్వాలు మడత పెట్టి ఇస్తుంటే మొహం చిన్నబోయింది. "చెయ్యి నేను లేపట్లేదు బాబూ, అదే లేస్తుంది" అన్నారు టీ తాగుతూ. నాకది నిజమే అనిపించింది.

సోమవారం బండి ఆపించాం. ఇప్పుడు ఐదు చోట్ల రీడింగ్ తీయిస్తున్నాం, వాగు వార పల్లంలో కూడా. ఆ రాయి దగ్గర కూడా ఒకటి తీయాలని నాన్న షరతు, సరే అన్నాను. బండివాడు మాత్రం అడ్వాన్సు వెనక్కి ఇవ్వనంటున్నాడు. పాత రిగ్గు అన్నా, దానికేమైనా దారి ఉంటే చెప్పు.