అప్‌డేట్: స్టాక్ వీఎంలో సబ్ చేస్తే మైనస్ జవాబు (పరిష్కారం దొరికింది)

మళ్లీ చెప్తున్నా: సీ భాషలో రాసిన నా బుల్లి వీఎంలో (వర్చువల్ మెషీన్, అంకెల్ని స్టాక్‌లో, అంటే ఒకదానిపై ఒకటి పేర్చుకుని లెక్క చేసే ప్రోగ్రామ్) పుష్ 10, పుష్ 3 (పైన పెట్టడం), సబ్ (తీసివేత) అని ఇస్తే నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో 7, పీజీలో మా రూమ్మేట్ మ్యాక్‌లో -7 వచ్చేవి. డివ్ (భాగహారం) అయితే మ్యాక్‌లో 3కి బదులు 0. యాడ్, మల్ మాత్రం రెండింట్లోనూ కరెక్టే.

నా ముందు పోస్టు కింద "పాప్ (స్టాక్ పైనుంచి తీయడం) వరస చూడండి" అన్నవారికి పెద్ద థ్యాంక్స్, సమస్య అదే. మారతహళ్లిలో మా ఆఫీసు సీనియర్ అన్న కూడా కోడ్ చూసి అదే లైన్ మీద వేలు పెట్టారు: లెక్క చేసే ఫంక్షన్‌కి రెండు ఆర్గ్యుమెంట్లుగా నేరుగా పాప్(), పాప్() అని వెళ్తున్నాయి. వాటిలో ఏది ముందు నడవాలో సీ స్టాండర్డ్ చెప్పదు, కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) ఇష్టం. నా ల్యాప్‌టాప్‌లోని జీసీసీ కంపైలర్ కుడి నుంచి మొదలుపెట్టింది, మ్యాక్‌లోని క్లాంగ్ కంపైలర్ ఎడమ నుంచి. కూడికకి, గుణకారానికి వరసతో పనిలేదు కాబట్టి వాటిలో తప్పు బయటపడలేదు.

ఇప్పుడు రెండు వేర్వేరు లైన్లు: ముందు బి = పాప్(), తర్వాత ఏ = పాప్(), ఆపైన ఏ - బి. జావా వీఎంలో ఐసబ్ (పూర్ణాంకాల తీసివేత) పద్ధతి కూడా ఇదే, పైనున్నదాన్ని కిందిదాంట్లోంచి తీసేస్తుంది.

ఎండియన్ (మెమరీలో బైట్లు పేర్చే వరస) గొడవకీ దీనికీ సంబంధం లేదు, రెండు మెషీన్లూ లిటిల్ ఎండియనే. స్టాక్ సైజు పెంచినా తేడా రాలేదు. పెద్దా-చిన్నా పోల్చే ఇన్‌స్ట్రక్షన్లు మీకుంటే అవీ చూసుకోండి, నా లూప్ ఆగకపోవడానికి కారణం అక్కడే దొరికింది.