టెక్సాస్‌లో మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ మాస్టర్స్: లైసెన్స్ ఎప్పటికి?

ప్రశ్న: ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద చదువు పూర్తవగానే లైసెన్స్ వచ్చేస్తుందాండీ?

జవాబు 1: రాదండీ. ముందు ప్రోగ్రామ్‌కి కాక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందేమో చూడండి. ఉంటే 60 క్రెడిట్లు, ప్రాక్టికం (ఇంటర్న్‌షిప్‌కి ముందు చేసే తొలి శిక్షణ) 100 గంటలు, ఇంటర్న్‌షిప్ 600. ఆ 600లో 240 గంటలు క్లయింట్‌తో నేరుగా గడపాలి. నోట్స్ రాసిన సమయం వాటిలోకి రాదు. క్లయింట్ రాకపోతే ఆ గంట పోయినట్టే. అందుకే వారానికి ఎంతమంది క్లయింట్లని ఇస్తారో చేరకముందే ఇంటర్న్‌షిప్ సైట్‌వాళ్లని అడగండి.

జవాబు 2: అసలు చిక్కు తర్వాతే. చదువయ్యాక, పూర్తి లైసెన్స్‌కి ముందు, అసోసియేట్‌గా (సూపర్‌వైజర్ కింద పనిచేసే కౌన్సెలర్‌గా) 3,000 గంటలు, కనీసం 18 నెలలు పనిచేయాలి. ఈ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కాదు, కాబట్టి ఓపీటీ (చదువయ్యాక ఎఫ్-1 మీదే పనిచేసే అనుమతి) 12 నెలలే. మిగతా కాలానికి హెచ్-1బీ (ఉద్యోగ వీసా, మామూలుగా లాటరీ మీద వస్తుంది) కావాలి. లాటరీ అక్కర్లేని యూనివర్సిటీ అనుబంధ ఆసుపత్రుల్లో ముందునుంచే ప్రయత్నించండి.

జవాబు 3: జీతం లేని ఇంటర్న్‌షిప్ అయినా డీఎస్‌ఓని (యూనివర్సిటీలో స్టూడెంట్ వీసా వ్యవహారాలు చూసే అధికారిని) అడగకుండా మొదలెట్టొద్దు. ఫుల్‌టైమ్ సీపీటీ (కోర్సులో భాగంగా చదువుతూనే పనిచేసే అనుమతి) ఏడాది నిండితే ఓపీటీ చేజారుతుంది.