కామిక్ పుస్తకం శీర్షికను చేత్తో గీసేటప్పుడు ఒత్తులను ఎలా సర్దాలి?

నల్లసిరా (ప్రశ్న):

నమస్కారం. నేను రాసి, బొమ్మలు గీస్తున్న కామిక్ పుస్తకానికి ‘రాత్రి గస్తీ’ అని పేరు పెట్టుకున్నాను. లోపలి పుటలు దాదాపు పూర్తయ్యాయి కాని, ముఖచిత్రం మీద ఉండవలసిన శీర్షిక దగ్గర మూడు వారాలుగా ఆగిపోయాను. సిద్ధంగా దొరికే ఫాంట్లు కొన్ని పెట్టి చూశాను. ఏది పెట్టినా పాఠ్యపుస్తకం అట్టలా కనిపిస్తోందే తప్ప, చీకట్లో వీధులు తిరిగే మనిషి కథ అనిపించడం లేదు. అందుకే లోగోను చేత్తోనే గీయాలని నిర్ణయించుకున్నాను.

ఇంగ్లీషు కామిక్స్ లోగోల పద్ధతిలో అక్షరాలను మందంగా గీసి, కింద లోతు చూపించాలని ప్రయత్నించాను. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తులో నిలబడతాయి కనుక పైన ఒక గీత, కింద ఒక గీత గీసుకుంటే సగం పని అయిపోతుంది. నా పేరులో ఉన్నవి నాలుగు అక్షరాలే అయినా, ‘త్రి’ కింద క్రావడి, ‘స్తీ’ కింద తవొత్తు వేలాడుతున్నాయి. ‘రా’ కింద, ‘గ’ కింద ఖాళీ. ఒత్తులను చిన్నవి చేస్తే లోగోను కుదించినప్పుడు పూడిపోతున్నాయి, పెద్దవి చేస్తే శీర్షికే ముఖచిత్రంలో సగం తినేస్తోంది. పైగా ‘గ’ లోపల ఒక లాంతరు, ‘రా’ లోపల ఒక కన్ను, దీర్ఘం చివర ఒక లాఠీ పెట్టాలని ఆశగా ఉంది.

ఒత్తులను ఎలా సర్దాలి, కాగితం మీద ఎంత పరిమాణంలో ఏ సాధనాలతో గీయాలి, ప్రతి సంచికకూ లోగోను మార్చవచ్చా అన్న విషయాల్లో అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరని ప్రార్థన.

గుండుసున్న:

మీరు పనిని అక్షరాలతో మొదలుపెట్టారు, చిక్కు అక్కడే వచ్చిందని నా అభిప్రాయం. లోగో అంటే ముందు ఒక ఆకారం, అందులో అక్షరాలు తరువాత వచ్చి కూర్చుంటాయి. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దగా, మందపాటి మార్కరుతో, వివరాల జోలికి పోకుండా ఇరవై ముప్పై చిత్తుబొమ్మలు వేయండి. కళ్లు సగం మూసి చూసినప్పుడు ఏ ముద్ద ఒంటరిగా నిలబడి కనిపిస్తుందో దాన్ని మాత్రమే పెద్దది చేయండి. ఈ దశలో పెన్సిలు వాడితే చెయ్యి వివరాల వైపు పోతుంది, అందుకే మార్కరు అంటున్నాను.

ఇప్పుడు మీ పేరు సంగతి. ఒకే వరుసలో రాస్తే మీరు చెప్పిన ఎగుడుదిగుడు తప్పదు కాని, రెండు వరుసలుగా పేర్చి చూడండి. పైన ‘రాత్రి’, కింద ‘గస్తీ’ వస్తాయి. ‘రా’ కింద ఖాళీ ఉంది, సరిగ్గా దాని కిందికే ‘గ’ వస్తోంది. కనుక ‘గ’ను పైకి పెంచి, దాని తలకట్టును ఆ ఖాళీలోకి దూర్చవచ్చు. అలాగే ‘గ’ కింద ఏమీ లేదు, పక్కన ‘స్తీ’ కింద తవొత్తు ఉంది. కనుక ‘గ’ రెండు కాళ్లనూ ఆ ఒత్తు అడుగు దాకా దించవచ్చు. అప్పుడు ‘గ’ ఒక ఎత్తైన కమాను అవుతుంది, మిగిలిన మూడు అక్షరాలూ దాని పైనా పక్కనా ఒదుగుతాయి. ఇరుకు ఒక్కచోటే వస్తుంది: ‘త్రి’ క్రావడీ, ‘స్తీ’ మీది గుడి దీర్ఘమూ ఒకే స్థలం కోసం పోటీ పడతాయి. క్రావడి అక్షరానికి ఎడమ వైపు నుంచి చుట్టుకుని వస్తుంది కనుక దాన్ని ఎడమకే ఉంచి, గుడి దీర్ఘం మెలికను కుడి వైపు కొద్దిగా జరిపితే రెండూ ఒకదాని సందులో ఒకటి ఇమిడిపోతాయి. మనం బెడద అనుకునే ఒత్తులే ఇలా రెండు వరుసలనూ కలిపి కుట్టే దారం అవుతాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఈ వెసులుబాటు లేదు.

అయితే ఒక హెచ్చరిక చేయాలి. మన లిపిలో చిన్న మెలిక పోతే అక్షరమే మారిపోతుంది. గుడి దీర్ఘం మెలిక పూడిపోతే మీ ‘గస్తీ’ కాస్తా ‘గస్తి’ అవుతుంది. బయటి అంచు గీతను మందం చేసేటప్పుడు ఆ మెలిక లోపలి రంధ్రాన్ని మామూలు కంటే పెద్దదిగా గీసుకోండి. చూడడానికి కొంచెం అతిగా ఉన్నా ఫరవాలేదు, కుదించాక సరిపోతుంది.

లాంతరు, కన్ను, లాఠీల విషయంలో మాత్రం నేను నిర్దాక్షిణ్యంగా చెబుతాను: ఒక్కటే ఉంచండి. కమాను వంటి ‘గ’లో లాంతరు సహజంగా వేలాడుతుంది. మిగిలిన రెండూ ముఖచిత్రం బొమ్మలోకి పంపేయండి.

పాతకుంచె:

ఆకారం గురించి పైవారు చెప్పిన దానితో ఏకీభవిస్తూ, సాధనాల గురించి రాస్తున్నాను. అమెరికన్ కామిక్స్‌లో 1960ల చివరి వరకు అసలు బొమ్మలను అచ్చు పరిమాణానికి రెండు రెట్లు గీసేవారు, తరువాత ఒకటిన్నర రెట్లకు తగ్గించారు. లోగోకు ఇప్పటికీ రెండు రెట్లే మంచిదని నా అనుభవం. అచ్చులో శీర్షిక 6 అంగుళాల వెడల్పు ఉంటుందనుకుంటే కాగితం మీద 12 అంగుళాలు గీయండి. అంతకు మించి పెద్దది చేస్తే కుదించాక ఎలా ఉంటుందో కంటికి అంచనా దొరకదు.

నీలం పెన్సిలుతో అస్థిపంజరం గీసుకుని, దాని మీద ట్రేసింగ్ కాగితం పరచి దిద్దండి, దాని మీద ఇంకొకటి పరచి మళ్లీ దిద్దండి. నాలుగో కాగితానికి వచ్చేసరికి రూపం కుదురుకుంటుంది. ప్రతిసారీ కాగితాన్ని తిరగేసి వెనుక నుంచి చూడడం మరచిపోవద్దు. ముందు వైపు చదివేస్తున్న కన్ను తప్పులను క్షమిస్తుంది కాని, తిరగబడిన అక్షరాన్ని చదవలేదు కనుక వంకరలన్నీ పట్టుకుంటుంది. ఇంకు వేసేటప్పుడు వంపులకు ఫ్రెంచ్ కర్వ్ (వంపులు గీయడానికి ఆనించుకునే పలక), అండాకారాల స్టెన్సిల్ దగ్గర పెట్టుకుని, 0.5 మి.మీ. టెక్నికల్ పెన్నుతో ముందు అంచులు గీసి, తరువాత కుంచెతో లోపల నింపండి. అంచు చెదిరిన చోట తెల్ల పోస్టర్ రంగు వేస్తే చాలు.

లోతు చూపించడంలో మన అక్షరాలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. మూలలున్న అక్షరానికి ప్రతి మూల నుంచీ కిందనున్న ఒకే బిందువుకు గీతలు లాగితే లోతు వచ్చేస్తుంది. మన వంపులకు మూలలుండవు. కనుక స్కేలును ఆ బిందువు దగ్గర గుండుసూదికి ఆనించి తిప్పుతూ, అది వంపును ఎక్కడ ఒరుసుకుంటుందో సరిగ్గా అక్కడి నుంచే గీత లాగాలి. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా అక్షరం పక్కన ఏదో అతికించినట్టు ఉంటుంది. ఇంకొక మాట: లోతును అక్షరాల బయటి అంచుకే ఇవ్వండి, లోపలి రంధ్రాలకు ఇవ్వవద్దు. నా మొదటి లోగోలో లోపల కూడా లోతు నింపాను. అచ్చయి వచ్చాక శీర్షిక స్థానంలో ఒక నల్లటి ముద్ద మిగిలింది, అందులో సున్న ఏదో ‘ర’ ఏదో నాకే తెలియలేదు.

ఈ విద్య నేర్చుకోవడానికి సూపర్‌మ్యాన్ శీర్షిక మంచి పాఠం. 1939 నాటి మొదటి సంచిక మీద ఉన్న శీర్షిక చిత్రకారుడు జో షుస్టర్ ఊహ; 1940లో అక్షర చిత్రకారుడు ఐరా ష్నాప్ అదే ఊహను తిరిగి గీశాడు. విల్లులా వంగిన వరుస, దాని కింద లోతు అలాగే ఉన్నాయి, మందాలూ ఎడాలూ మాత్రం కుదుటపడ్డాయి. మీ ఊహ తప్పు కాకపోవచ్చు, నాలుగో కాగితం దాకా వెళ్లకపోవడమే లోపం కావచ్చు.

చివరిమెలిక:

సంచిక సంచికకూ లోగో మార్చడం గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. 1940లో మొదలైన ‘ది స్పిరిట్’ అనే కామిక్‌లో దాని సృష్టికర్త విల్ ఐస్నర్ శీర్షికను తరచుగా కొత్త రూపంలో, కొన్నిసార్లు భవనాలుగా, కొన్నిసార్లు గాలికి కొట్టుకుపోతున్న కాగితాలుగా చూపించాడు. అయితే అది ఆదివారం వార్తాపత్రికతో పాటు ఇంటికి వచ్చే అనుబంధం; పాఠకుడు దాన్ని వెతుక్కోవలసిన పని లేదు. అరలో పెట్టి అమ్మే కామిక్స్ పరిస్థితి వేరు. ఒకదాని ముందు ఒకటి పేర్చినప్పుడు ముఖచిత్రం పై భాగమే బయటికి కనిపించేది కనుక, శీర్షిక అక్కడే, ఎప్పుడూ అదే రూపంలో ఉండవలసి వచ్చింది. మీ పుస్తకాన్ని ఫోను తెరమీద రెండు సెంటీమీటర్ల బొమ్మగా చూసి గుర్తుపట్టాలంటే మీది రెండో పరిస్థితే. రూపం మార్చకండి, రంగు మార్చుకోండి.

అందుకోసం లోగోను మొదట నలుపు తెలుపుల్లోనే పూర్తి చేయాలి. లోపల బోలుగా, చుట్టూ మందపాటి గీతతో ఉన్న అక్షరాలయితే వెనుక ఏ రంగు ఉన్నా నిలబడతాయి. స్కాన్ 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు), ఛాయలు లేని నలుపు తెలుపుల లైన్ ఆర్ట్‌గా తీసుకోండి. ఎంత పెంచినా అంచు చెదరని వెక్టర్‌గా మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ చేత ఆటో ట్రేస్ చేయించవద్దు. అది పదునైన కొసలను గుండ్రం చేసి, నున్నటి వంపు మీద అక్కరలేని బిందువులు పోస్తుంది. స్కాన్‌ను కింద పెట్టుకుని పెన్ టూల్‌తో మీరే గీయండి, వంపు మలుపు తిరిగే చోటనే బిందువు పెట్టండి.

పాతకుంచె గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. ఫ్రెంచ్ కర్వ్ అన్ని చోట్లా వాడితే చేతి గీత చచ్చిపోతుంది. లోతు గీతలకు స్కేలు తప్పదు కాని, అక్షరాల వంపులను కుంచెతోనే లాగితే బాగుంటుంది.

పాతకుంచె:

చివరిమెలిక గారు అన్నది కుంచె మీద పట్టున్న వారికి నిజమే. 1972లో గ్యాస్పర్ సలాడినో గీసిన ‘స్వాంప్ థింగ్’ అనే కామిక్ శీర్షిక తడిసి, కారుతున్నట్టు ఉంటుంది, స్కేలు ఆనవాలే కనిపించదు. అయినా అక్షరాలు పోల్చుకోవడానికి క్షణం పట్టదు. కొత్తవారు ముందు సాధనంతో గీసి, ఆ వంపు చేతికి అలవాటయ్యాక దాన్ని వదిలేయాలని మాత్రమే నా ఉద్దేశం.

నల్లసిరా:

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం ముప్పై నాలుగు చిత్తుబొమ్మలు వేశాను, వాటిలో గుండుసున్న గారు చెప్పిన కమాను అమరికే నిలబడింది. ‘గ’ తలకట్టు ‘రా’ కిందికి దూరగానే రెండు వరుసలూ ఒకే ముద్దగా కనిపించాయి. కన్నూ లాఠీ తీసేశాను. కాగితం తిరగేసి చూస్తే ‘స్తీ’ ఎడమకు ఒరిగి ఉందని తెలిసింది, ముందు నుంచి వంద సార్లు చూసినా పట్టుకోలేకపోయాను.

ఒక్క సందేహం మిగిలింది. లాంతరును కూడా బోలు గీతతో గీస్తే ‘గ’ లోపల ఇంకేదో అక్షరం ఉందన్న భ్రమ కలుగుతోంది. దాన్ని నల్లగా నింపేయమంటారా?

గుండుసున్న:

నింపేయండి. అక్షరాలు బోలుగా, లాంతరు నిండు నలుపుగా ఉంటే రెండూ వేరువేరు జాతులని కంటికి వెంటనే తెలుస్తుంది. మంట ఉన్న చోట మాత్రం ఒక చిన్న తెల్ల చుక్క వదలండి. ఆ చుక్క రెండు సెంటీమీటర్ల పరిమాణంలో కూడా మిగిలేటంత పెద్దదిగా ఉందో లేదో ముందే కుదించి చూసుకోండి.