సమాజాన్ని స్థాపించడమేంటి?

ప్రశ్న (హైదరాబాద్)

ఏడో తరగతి చదివే మా అమ్మాయి నిన్న నన్ను ఇరుకున పెట్టింది. తొలితరం తెలుగు రచయిత్రి బండారు అచ్చమాంబ మీద చిన్న వ్యాసం ఒకటి దానిచేత చదివిస్తున్నాను. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి ఆవిడ మచిలీపట్నంలో ‘బృందావన స్త్రీ సమాజం’ స్థాపించారు అన్న వాక్యం దగ్గర ఆగిపోయింది. “సమాజాన్ని ఎవరైనా స్థాపిస్తారా నాన్నా? అది ముందునుంచీ ఉంటుంది కదా!” అంది.

దాని లెక్కలో సమాజం అంటే మనమంతా. సమాజం ఒప్పుకోదు, సమాజంలో మార్పు రావాలి, ఇవీ అది విన్న వాడుకలు. సంఘం అనే అర్థంలో వాడారమ్మా అని చెప్పి తప్పించుకోబోయాను. “అయితే సంఘం అనే పెట్టుకోవచ్చు కదా” అంది. నిజమే, ఎందుకు పెట్టుకోలేదు? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (రాజమండ్రి)

ముప్ఫై ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను. ఈ ప్రశ్న ఏ పిల్లా అడగలేదు, నాకూ తట్టలేదు. అమ్మాయికి నా ఆశీస్సులు.

1902లో ‘స్త్రీ సంఘం’ అని పెట్టి ఉంటే అప్పటివాళ్లు మీ అమ్మాయిలాగే తికమకపడేవారు. అప్పట్లో మనమంతా కలిస్తే సంఘం. సంఘసంస్కరణ, సంఘబహిష్కారం, సంఘంలో పరువు, అన్నీ ఆ లెక్కే. వీరేశలింగంగారిని ఇప్పటికీ సంఘసంస్కర్త అనే అంటాం కదా. పదిమంది కూడి, పేరు పెట్టుకుని, చందా వేసుకుని, ఫలానా వారం కలుద్దాం అనుకుంటే అది సమాజం. బ్రహ్మసమాజం, ఆర్యసమాజం అలాంటివే. వీరేశలింగంగారే 1878లో ఇక్కడ రాజమండ్రిలో ప్రార్థన సమాజం పెట్టారు. సురభివారిది నాటక సమాజం. అచ్చమాంబగారు పేరు కోసం వెతుక్కోనక్కర్లేదు, చుట్టూ ఉన్నవన్నీ సమాజాలే. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారి ఆధ్వర్యంలో నడిచింది కూడా ‘శ్రీ విద్యార్థినీ సమాజం’.

ఇప్పుడు తిరగేసి చూడండి. మనమంతా కలిస్తే సమాజం, పదిమంది కూడి రిజిస్టరు చేయించుకుంటే సంఘం. నూరేళ్లలో ఈ రెండు మాటలూ ఇళ్లు మార్చుకున్నాయి. పాత ఇంటి తాళాలు మాత్రం పూర్తిగా అప్పజెప్పలేదు: సాంఘిక సంక్షేమ శాఖ అలాగే ఉంది, బడిలో సాంఘిక శాస్త్రం అలాగే ఉంది. తర్వాత పుట్టినవాటికి సామాజిక న్యాయం, సామాజిక మాధ్యమం అని పేర్లొచ్చాయి. ‘సాంఘిక మాధ్యమం’ అని రాసి చూడండి, పాత సినిమా పోస్టరులా ఉంటుంది.

ఎప్పుడు మారాయి అంటే ఒక తేదీ చెప్పలేం. రైతు సంఘాలు, కార్మిక సంఘాలు వచ్చిన కాలంలో సంఘం అన్నమాటకు పోరాటం వాసన అంటుకుందని నా ఊహ. 1943లో తెనాలిలో రచయితలు కూడితే అది ‘అభ్యుదయ రచయితల సంఘం’ అయింది. నలభై ఏళ్లు ముందు కూడి ఉంటే సమాజమే అయ్యేది.

ఇంకొక్క మాట, అడగకపోయినా చెప్తాను. ఆ స్త్రీ సమాజాలు ఇవాళ్టి మీటింగుల్లాంటివి కావు. గడప దాటడమే పెద్ద విషయమైన ఇళ్ల ఆడవాళ్లు ఒకచోట కూర్చుని ఒకరు రాసుకొచ్చింది చదివితే మిగతావాళ్లు వినడం. అక్కడ చదివినవి ‘హిందూ సుందరి’ లాంటి పత్రికల్లో అచ్చయ్యేవి. అచ్చమాంబగారు బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్క. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన తనూ నేర్చుకున్నారు. 1905లో ముప్ఫై ఏళ్లకే పోయారు. ఉన్న ఆ కొద్దిరోజుల్లో ఊళ్లు తిరిగి సమాజాలు పెట్టించారు. ‘స్థాపించారు’ అన్న ఒక్క క్రియాపదంలో ఆ తిరుగుడు కనపడదు.

జవాబు (కర్నూలు)

మాస్టారూ, మాటలు ఇళ్లు మార్చుకోవడం ఇదే మొదలు కాదు. మా జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శాసనంలోనే సమాజం చేయకూడదని ఉంటుంది! అక్కడ సమాజం అంటే తిని తాగి గోల చేసే జాతర లాంటి కూడిక. అందులో రాజుగారికి చాలా దోషాలు కనిపించాయట. కొన్ని మంచి సమాజాలూ ఉన్నాయని వెంటనే సర్దుకున్నాడనుకోండి.

అమరకోశంలో ఇంకో తమాషా. పశువులు గుంపైతే ‘సమజం’, తక్కినవాళ్లు గుంపైతే ‘సమాజం’. ఒక్క దీర్ఘం తేడాతో మనం మనుషులం.

సంఘం సంగతికొస్తే, ఆడవాళ్లకూ ఆ మాటకూ చుట్టరికం నిన్నమొన్నటిది కాదు. అమరావతి స్తూపానికి దానాలిచ్చినవాళ్లలో భిక్షుణులున్నారు, మామూలు ఇళ్ల ఆడవాళ్లున్నారు. నాగార్జునకొండ మహాచైత్యానికి దానమిచ్చిన చాంతిసిరి ఇక్ష్వాకు రాజు చెల్లెలు. బోధిసిరి అనే ఉపాసిక రాణి కాదు, అయినా తను కట్టించినవాటి చిట్టా రాతిమీద చెక్కించింది. మూడో శతాబ్దం మాట. బౌద్ధులుగా వాళ్లు మొక్కిన బుద్ధుడు, ధర్మం, సంఘం అనే మూడింటిలో సంఘం ఒకటి.

జవాబు (జనగామ)

మంచిగ చెప్తున్రు గని అంతా కోస్తా, శాసనాలే అయింది. మా దిక్కు సంగం అంటే ఇంకోటి.

మా అవ్వ బతికున్నన్ని రోజులు ‘సంగం’ అంటే నిజాం రాజ్యంల తెలుగోళ్లు పెట్టుకున్న ఆంధ్ర మహాసభనే. కాగితాల మీద మహాసభ, ఊళ్లె సంగం. “సంగపోళ్లు వచ్చిండ్రు”, “మేం సంగంల ఉంటిమి” అనేది. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరగబడి తన పంట తను ఇంటికి తెచ్చుకున్నదంటే ఎనక సంగం ఉండె. ఆడోళ్లకు ఏరే సంగం లేదు, ఒకటే సంగం. అండ్లనే కట్టె పట్టిండ్రు, కారంపొడి పట్టిండ్రు.

రాజమండ్రి సారుకు ఒక మాట. 1930 సంవత్సరంల జోగిపేట్ల మొదటి ఆంధ్ర మహాసభ అయినప్పుడు పక్కనే ఆడోళ్లది గూడ అయింది, నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. దాని పేరు ‘మహిళా సభ’. సంగం కాదు, సమాజం గాదు. కుర్చీలేసి, పందిరేసి, ఉపన్యాసమిస్తె సభ. ఇంటింటికి తిరిగి కూడగడితె సంగం. నాకైతే మాట మారుడు కంటె ఇదే ముచ్చట పెద్దగ కొడుతది. ఆ 1902 సమాజంల మా ముత్తవ్వ కూసుంటానంటె రానిచ్చేటోళ్లా? చదువు రాదు, పొద్దంత దొర పొలంల వెట్టి. పేరు ఎవరు పెట్టిండ్రు అనేది సరే, లోపల ఎవరు కూసున్నరు అనేది గూడ అడుగాలె.

జవాబు (రాజమండ్రి)

ఒప్పుకుంటాను తమ్ముడూ. రానిచ్చేవారు కాదు. సమాజం అన్నమాట అప్పుడు చదువుకున్న ఇళ్ల మాట, అందులో అనుమానం లేదు.

సభ గురించి మీరన్నది బాగుంది. దుర్గాబాయమ్మగారు మద్రాసులో పెట్టింది కూడా ‘ఆంధ్ర మహిళా సభ’ కదా, 1937లో. అది ఆసుపత్రులూ కాలేజీలూ అయిపోయింది, సభ జరగకపోయినా సభే.

జవాబు (విజయనగరం)

మండలిని మరిచిపోయారు! 1952లో సమాజ వికాస పథకం వచ్చాక ఊరూరా ‘మహిళా మండలి’. మా ఊళ్లో ఒక గది, రెండు కుట్టుమిషన్లు. ఒకటి పనిచేసేది. ఆ గదిలో ఇప్పుడు రేషన్ బియ్యం దించుతారు, అయినా దాన్ని ‘మండలి’ అనే అంటారు. పెసిడెంటుగారి భార్యే మండలి పెసిడెంటు. అంతకంటే చెప్పడానికేం లేదు.

జవాబు (హైదరాబాద్, ఇంకొకరు)

‘సంఘటన’ అని కూడా ఉంది. 1978లో ఇక్కడ ‘స్త్రీశక్తి సంఘటన’ పెట్టారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల నోటితోనే చెప్పించి ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది వాళ్లే. తెలుగులో సంఘటన అంటే జరిగిన ఘటన, మరాఠీలో సంస్థ. కాలేజీలో మా స్నేహితురాలు ఆ పేరు చూసి “ఏం జరిగింది?” అని అడిగింది. జరిగింది కాదే, పెట్టుకున్నది అని చెప్పాల్సొచ్చింది.

జవాబు (తెనాలి)

చర్చ బాగుంది. కానీ జనగామవారు ‘సంగం’ అని రాయడం తప్పు. సంగం వేరు, సంఘం వేరు. సంగం అంటే కూడలి, లేదా తగులం. పెన్న ఒడ్డున ఉన్న ఊరు సంగం. మనుషులు కూడితే ఒత్తు ఘ పడాల్సిందే. భాషా గుంపులోనే ఇలా రాస్తే పిల్లలు ఏం నేర్చుకుంటారు?

జవాబు (జహీరాబాద్)

సారూ, మా పస్తాపూర్ దిక్కు వచ్చి ఒత్తు పెట్టి పలకమని ఆడోళ్లకు చెప్పుండ్రి, ఏమంటరో సూద్దాం. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983ల మొదలైన కాన్నుంచి ఊరూరికి ఆడోళ్ల సంగాలున్నయి. ఎక్కువమంది దళితులు, ఎకరం రెండెకరాలోళ్లు. పడావు పడ్డ భూములు దున్నిండ్రు, కొర్రలు సజ్జలు పండించిండ్రు, విత్తనాలు ఇంట్ల దాసి పెట్టుకున్నరు. 2008 అక్టోబర్ 15న మాచునూరుల రేడియో పెట్టుకున్నరు. బోర్డు మీద ఏ ఘ ఉన్నా నోట్లె మాత్రం ‘సంగం రేడియో’నే.

తెలుగోళ్ల నోట్లె ఒత్తులు ఎన్నడు నిలిచినయి? మీరు గూడ మాట్లాడేటప్పుడు ‘సంగం’ అనే అంటరు, రాసేటప్పుడే ఒత్తు యాదికొస్తది.

జవాబు (తెనాలి)

పలకడం వేరు, రాయడం వేరు. అంతవరకే నా మాట. (అవును, పాలు మాత్రం సంగం డెయిరీవే తాగుతాను. అది ఊరి పేరు, తప్పు కాదు.)

జవాబు (నెల్లూరు)

మా వైపు సంఘమూ కాదు, సమాజమూ కాదు. మా అమ్మ “నేను పొదుపులో ఉండా” అంటుంది. పొదుపంటే మనుషులే. “పొదుపోళ్లు వస్తా ఉండారు, చాప వెయ్” అంటుంది.

దీనికో కథ ఉంది. అక్షరదీపం కింద రాత్రిబళ్లలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో సారా మీద లేచారు. ముందు దూబగుంటలో అంగడి మూయించారు, ఆ ఊరి సంగతే మళ్లీ వాచకంలో పాఠమై పక్క ఊళ్లకు పోయింది. పాఠం చదివినోళ్లు చదివినట్టే లేచి సారా అంగడికి నడిచారు. 1993లో ముందు మా జిల్లాలో సారా ఆపారు, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా. సారాకు పోయే డబ్బు మిగిలింది కదా, రోజుకో రూపాయి తీసిపెట్టండని ‘పొదుపు లక్ష్మి’ మొదలైంది. ఆ లక్ష్మి పోయి పొదుపు మిగిలింది మా అమ్మ నోట్లో. ఒక పని పేరు మనుషుల పేరైపోయింది. రాజమండ్రి మాస్టారు చెప్పే వ్యాకరణంలో దీన్ని ఏమంటారో!

ఇంక డ్వాక్రా. 1982లో వచ్చిన ఒక ప్రభుత్వ పథకం పేరులో ఇంగ్లీషు మొదటి అక్షరాలు అవి. ఆ పథకాన్ని 1999 ఏప్రిల్‌లో ఇంకోదాంట్లో కలిపేశారు. అయినా డ్వాక్రా అక్కలు, డ్వాక్రా బజారు, డ్వాక్రా అప్పు. దాని విడమరుపు అడిగితే మా మండలాఫీసులో కూడా చెప్పలేరు. ఇప్పుడది అచ్చ తెలుగు మాటే అని నా పందెం.

జవాబు (కరీంనగర్)

నేను ఊళ్లె సంగాల లెక్కలు రాస్తా, వీఓఏను (గ్రామ సమాఖ్య అసిస్టెంటు). ఇన్ని రోజులు సప్పుడు చేయకుండ చదివిన, ఇప్పుడు ఒకటి చెప్త.

మాకు అంతస్తులున్నయి. ఊళ్లె పది పన్నెండు మంది అయితే సంగం. ఆ సంగాలన్ని కలిస్తె గ్రామ సమాఖ్య, ఆ పైన మండల సమాఖ్య. సమాఖ్య అనేది కాగితాల మీదనే, ఊళ్లె “వీవో” అంటరు. మా దగ్గర వడ్లు కొనేది గూడ మహిళా సంగాలే, అందుకని వడ్ల కుప్పల జాగకే ‘ఐకేపీ’ అని పేరు. “ట్రాక్టర్ యాడున్నది?” “ఐకేపీల ఉన్నది.” అది మా సంగాల పథకం పేరు, ఇందిరా క్రాంతి పథం అని విప్పి చెప్పితె రైతులు నవ్వుతరు.

ఇండ్ల వాడే మాటలన్ని సూడుండ్రి: పొదుపు, కిస్తు, తీర్మానం, లింకేజీ (బ్యాంకు అప్పు), పంచసూత్రాలు (సంగం పాటించే ఐదు నియమాలు). ఒకటి సంస్కృతం, ఒకటి ఉర్దూ, ఒకటి ఇంగ్లీషు. ఎవరికి పరాయిగ అనిపియ్యదు. అచ్చరం రాని పెద్దమ్మ గూడ “తీర్మానం రాసినవా బిడ్డా?” అని అడుగుతది, తీర్మానం లేనిదే బ్యాంకుల పైసలు రావని ఆమెకు ఎరుక.

జవాబు (గుంటూరు)

ప్రశ్న అడిగిన నాన్నగారికి: మీ అమ్మాయిని గుంటూరు తీసుకురండి, 1902 నాటి అర్థం చెవులారా వింటుంది. మా లూథరన్ గుడిలో ఆడవాళ్లు కూడితే ఇవాళ్టికీ ‘స్త్రీల సమాజం’. మా అత్తమ్మ అందులో కోశాధికారి. ఇక్కడ సంఘం అంటే గుడికొచ్చే విశ్వాసులందరూ. “సంఘంలో అందరికీ చెప్పారు, సమాజంలో చెప్పలేదు” అంటుంది, ఎవరికీ తికమక లేదు. మళ్లీ మంగళవారం డ్వాక్రా మీటింగుకి వెళ్లి అదే మనిషి “మా సంఘం అప్పు కట్టేసింది” అంటుంది. ఒక్క నోట్లో రెండు కాలాల తెలుగు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ దండాలు. అంతా చదివి వినిపించాను. ఎర్రగుడి బండలు చూడాలని పట్టుబట్టింది. తర్వాత అడిగింది: “తెనాలి తాతగారు చెప్పినట్టు రాయాలా, జహీరాబాద్ వాళ్లు చెప్పినట్టు రాయాలా?”

జవాబు (కరీంనగర్)

పరీక్షల ఘ రాయుమనుండ్రి. మా రబ్బరు స్టాంపు మీద ‘సంఘం’ అని ఉన్నది, తీర్మానం పుస్తకంల నేను ‘సంగం’ అని రాస్త. పన్నెండేండ్లల బ్యాంకోళ్లు దానికి ఒక్కసారి గూడ ఎనకకు పంపలే. ఒకామె పేరు ఆధార్ల లచ్చవ్వ, పాస్‌బుక్కుల లక్ష్మి అని ఉంటె మాత్రం మూడుసార్లు తిప్పిండ్రు.